మాంసం సరిహద్దు దాటింది, వండిన చెయ్యి దాటిందా?

1964 డిసెంబరు 14న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు పౌరహక్కుల చరిత్రకు ఎంత ముఖ్యమో, తిండి చరిత్రకూ అంత ముఖ్యం. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో ఓలీస్ బార్బెక్యూ అనే భోజనశాల ఉండేది. 1927లో మొదలైన కుటుంబ వ్యాపారం. 220 మంది కూర్చుని తినగల హాలు. పనివాళ్లు 36 మంది; వాళ్లలో మూడింట రెండు వంతులు నల్లజాతివారే. కానీ ఆ హాలులో నల్లజాతి మనిషి కూర్చుని తినడానికి వీల్లేదు. డబ్బిచ్చి, పొట్లం కట్టించుకుని బయటికి పోవచ్చు. ఆ ఏడాది జులై 2న సంతకమైన పౌరహక్కుల చట్టం ఈ పద్ధతి చెల్లదంది. యజమానులు కోర్టుకెక్కారు. రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యాన్ని మాత్రమే అదుపు చేయగల ఫెడరల్ ప్రభుత్వానికి, ఒక ఊరి భోజనశాలతో ఏం పని అన్నది వారి వాదన.

సుప్రీంకోర్టు ఆ భోజనశాల కొనుగోళ్ల లెక్క చూసింది. చట్టం రావడానికి ముందు పన్నెండు నెలల్లో వాళ్లు కొన్న ఆహార పదార్థాల విలువ సుమారు 1,50,000 డాలర్లు. అందులో 69,683 డాలర్లు, అంటే 46 శాతం, మాంసానికే పోయింది. ఆ మాంసాన్ని స్థానిక వర్తకుడు రాష్ట్రం బయటి నుంచి తెప్పించాడు. నల్లజాతివారికి కుర్చీ నిరాకరిస్తే ఇలాంటి సరుకు అమ్మకం తగ్గుతుంది, రాష్ట్రాల మధ్య వాణిజ్యానికి అడ్డు పడుతుంది, కనుక చట్టం చెల్లుతుంది అని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. సరిహద్దు దాటి వచ్చిన మాంసాన్ని పట్టుకుని చట్టం ఆ హాలులోకి ప్రవేశించింది.

న్యాయశాస్త్ర విద్యార్థులకు ఈ కేసు చెప్పేటప్పుడు నేను ప్రతి ఏడాదీ ఒక ప్రశ్న వేస్తుంటాను. మనిషి గౌరవం అనే మాట నేరుగా చెప్పకుండా, మాంసం ప్రయాణాన్ని ఎందుకు ఆసరా చేసుకోవలసి వచ్చింది? జవాబు చరిత్రలో ఉంది. ప్రైవేటు వ్యాపారులు చూపే వివక్ష మీద పద్నాలుగో రాజ్యాంగ సవరణ పనిచేయదని అదే సుప్రీంకోర్టు 1883లో తీర్పు చెప్పింది. ఆ దారి మూతబడింది కాబట్టి 1964లో వాణిజ్యం దారిన రావలసి వచ్చింది. మాంసానికి ఉన్న ప్రయాణ హక్కు నీడన మనిషి లోపలికి వెళ్లాడు.

ఈ రోజు అదే బార్బెక్యూ డబ్బాల్లో, పొట్లాల్లో అమెరికా ఈ చివర నుంచి ఆ చివరికి పార్శిల్‌గా ప్రయాణిస్తోంది. మన దగ్గర మాంసపు పచ్చళ్లు, ఎండు మాంసం అమ్ముకునే చిన్న వ్యాపారులు బస్సు పార్శిళ్ల మీద, కొరియర్ల మీద బతుకుతున్నారు. పార్శిల్‌కు కులం లేదని, మార్కెట్ మనిషి పుట్టుక అడగదని చెప్పేవాళ్లు పెరుగుతున్నారు. ఈ మాటను తిండి దగ్గరే పరీక్షించాలి. ఎందుకంటే మన సమాజంలో కులం తన చట్టాన్ని అన్నిటికన్నా కఠినంగా అమలు చేసేది తిండి దగ్గరే.

గుంత తవ్వినవాళ్లు, పేరు తెచ్చుకున్నవాళ్లు

బార్బెక్యూ అనే మాట కరీబియన్ దీవుల ఆదివాసుల భాష నుంచి స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికా దక్షిణాది తోటల్లో దాన్ని ఒక విద్యగా నిలబెట్టింది బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్ల శ్రమ. గుంత తవ్వడం, కట్టెలు నరికి నిప్పులు చేయడం, జంతువును కోయడం, రాత్రంతా మేలుకుని మాంసాన్ని తిప్పుతూ పులుసు పూయడం వారి పని. దొరల ఎన్నికల సభలకూ పండుగ విందులకూ ఆ వంట జరిగేది. 1936-38 మధ్య ప్రభుత్వం బానిసత్వం అనుభవించిన వృద్ధుల జ్ఞాపకాలను సేకరించినప్పుడు వాటిలో ఈ రాత్రి వంటల ప్రస్తావనలు వచ్చాయి.

ఈ వంటలో పక్కటెముకలు, రొమ్ము మాంసం, భుజం వంటి గట్టి భాగాలకు పెద్ద పీట ఉండడానికీ కారణముంది. అవి చవక. పన్నెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ సేపు సన్నని వేడిలో ఉంచితే తప్ప మెత్తబడవు. మంచి ముక్క కొనే డబ్బు లేనివాళ్లు తమ సమయాన్నీ నిద్రనూ పెట్టుబడిగా పెట్టి రుచిని సాధించారు. ఇప్పుడు అవే ముక్కలు ఖరీదైన సరుకు. మన దగ్గర బోటి, తలకాయ, కాళ్లు హోటళ్ల మెనూలోకి ఎక్కిన క్రమం తెలిసినవారికి ఇది కొత్త కథ కాదు.

ఈ విద్య వీధి వ్యాపారంగా మారిన తొలి రోజుల్లో కనిపించే పేరు హెన్రీ పెర్రీ. టెనెసీ రాష్ట్రం నుంచి వచ్చిన ఈ నల్లజాతి వంటగాడు 1908 ప్రాంతంలో కాన్సాస్ సిటీలోని ఒక సందులో చిన్న బండి పెట్టాడు. కాల్చిన మాంసాన్ని వార్తాపత్రిక కాగితంలో చుట్టి 25 సెంట్లకు అమ్మాడు. ఆ నగరపు బార్బెక్యూ సంప్రదాయానికి ఆయన్నే మూలపురుషుడిగా చెబుతారు. 1940లో ఆయన చనిపోయాక వ్యాపారం చార్లీ బ్రయంట్ చేతికి, 1946లో ఆయన తమ్ముడు ఆర్థర్ బ్రయంట్ చేతికి వచ్చింది. నల్లజాతివారి చేతుల్లోనే నిలిచి పేరు తెచ్చుకున్న వ్యాపారాల్లో అది ఒకటి. ఈ క్రమంలో చాలామందికి దక్కనిది కూడా అదే: ఒక తరం నుంచి మరో తరానికి పేరుతో సహా చేతులు మారే ఆస్తి.

రచయిత ఏడ్రియన్ మిల్లర్ 2021లో వెలువరించిన ‘బ్లాక్ స్మోక్’ అనే పుస్తకం ఈ విషయాన్నే వివరంగా చర్చించింది. ఒకప్పుడు బార్బెక్యూ అనగానే నల్లజాతి వంటగాడే గుర్తుకొచ్చేవాడు. ఇటీవలి దశాబ్దాల్లో టీవీ కార్యక్రమాలు, పత్రికలు, పోటీలు తెల్లజాతి ముఖాలనే ముందుకు తెచ్చాయన్నది ఆయన విమర్శ. మినహాయింపులు లేకపోలేదు. దక్షిణ కరోలినాకు చెందిన నల్లజాతి వంటగాడు రాడ్నీ స్కాట్‌కు 2018లో ఆ దేశపు పెద్ద వంట పురస్కారం జేమ్స్ బియర్డ్ అవార్డు దక్కింది. ఒకరికి దక్కిన పురస్కారం ఒక జాతికి దక్కవలసిన వాటాను లెక్క తేల్చదు.

డబ్బా వెనుక ఉన్న పెట్టుబడి

మాంసాన్ని వండడం ఒక విద్య, దాన్ని వెయ్యి మైళ్లు పంపడం మరో విద్య. రాత్రంతా కాల్చిన మాంసాన్ని త్వరగా చల్లార్చాలి. గాలి తీసిన సంచుల్లో మూసి గడ్డకట్టించాలి. దళసరి థర్మోకోల్ డబ్బాలో పెట్టి, సున్నాకు దిగువన 78 డిగ్రీల చలితో ఉండే డ్రై ఐస్ ముక్కలు సర్దాలి. డ్రై ఐస్ కరిగితే నీరు కాకుండా బొగ్గుపులుసు వాయువు అవుతుంది కనుక విమాన రవాణాలో దాన్ని ప్రమాదకర సరుకుగా లెక్కిస్తారు. డబ్బా మీద ఆ గుర్తు ఉండాలి. గమ్యం చేరేసరికి లోపలి వేడి 4 డిగ్రీలు మించకూడదు. అందుకే శని, ఆదివారాల్లో గోదాములో చిక్కుకోకుండా వారం మొదట్లోనే పంపడం ఈ వ్యాపారపు రివాజు. పచ్చి మాంసం వండేసరికి దాదాపు సగం బరువు పోతుంది. మిగిలినదానికి డబ్బా, మంచు, విమానం ఖర్చు కలిస్తే కొనేవాడికి దుకాణం ధరకు రెట్టింపు పడినా ఆశ్చర్యం లేదు. డబ్బా పాడై వెనక్కి వస్తే ఆ నష్టం అమ్మినవాడిదే.

ఇదంతా చేయాలంటే శీతల గిడ్డంగి కావాలి. సంచులు మూసే యంత్రం కావాలి. కొన్నాళ్లు నష్టాన్ని భరించే స్తోమత కావాలి. వంట నైపుణ్యం ఎంత ఉన్నా వీటిని తెచ్చేది బ్యాంకు. 1930ల నుంచి నల్లజాతి పేటలను ఎర్ర గీతలతో గుర్తించి అప్పులు నిరాకరించిన దేశంలో ఆ బ్యాంకు తలుపు ఎవరికి తెరుచుకుందో చెప్పనవసరం లేదు.

టెనెసీలోని మెంఫిస్ నగరం దీనికి మంచి ఉదాహరణ. రాత్రికి రాత్రి సరుకును విమానంలో చేర్చే ఫెడెక్స్ సంస్థ 1973లో అక్కడి నుంచే విమానాలు నడపడం మొదలుపెట్టింది. పక్కటెముకల వంటకు ఆ నగరం అప్పటికే ప్రసిద్ధం. గ్రీకు సంతతికి చెందిన కుటుంబం 1948లో స్థాపించిన రాందెవూ, 1984లో తెరిచిన కోర్కీస్ వంటి భోజనశాలలు తమ వంటను దేశమంతటికీ పార్శిల్ చేసి పెద్ద పేర్లయ్యాయి. అదే నగరంలో జిమ్ నీలీ అనే నల్లజాతి వ్యాపారి 1970ల చివర్లో పెట్టిన భోజనశాల పేరు ఇంటర్‌స్టేట్ బార్బెక్యూ. పక్కనున్న రహదారి పేరే అది. 1964 నాటి తీర్పుకు ఆధారమైన మాట కూడా అదే. జనాభాలో నల్లజాతివారే ఎక్కువగా ఉన్న నగరం అది. చెత్త ఎత్తే లారీలో నలిగి ఇద్దరు కార్మికులు చనిపోయాక, 1968లో 1,300 మంది నల్లజాతి పారిశుధ్య కార్మికులు సమ్మె కట్టింది అక్కడే. వాళ్లకు అండగా వెళ్లిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న హత్యకు గురైంది అక్కడే. రుచి నగరపు పేరు మీద దేశమంతా తిరిగింది. ఆ రుచికి మూలమైన పేటలు మాత్రం పేదరికంలోనే ఉండిపోయాయి.

మార్కెట్‌కు అంతరాత్మ ఉంటుందనేవారు మరో కేసును కూడా చదవాలి. దక్షిణ కరోలినాలో పిగ్గీ పార్క్ అనే బార్బెక్యూ దుకాణాల యజమాని మారిస్ బెసింజర్ నల్లజాతివారికి వడ్డించడానికి నిరాకరించాడు. అలా తిరస్కారానికి గురైన ఆన్ న్యూమన్ అనే మహిళ, మరికొందరు కోర్టుకు వెళ్లారు. పౌరహక్కుల చట్టం తన మతవిశ్వాసానికి విరుద్ధమన్న అతని వాదన బొత్తిగా పసలేనిదని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇలాంటి కేసులో గెలిచినవారు తమ కోసమే కాక చట్టం కోసం పోరాడినట్టు లెక్క, కనుక వారి వకీలు ఖర్చులు సాధారణంగా ప్రతివాదే భరించాలని కూడా చెప్పింది. కేసు ఓడినా అతని ఆవపిండి సాస్ సూపర్ మార్కెట్ల అరల్లో దశాబ్దాల పాటు అమ్ముడుపోయింది. 2000 సంవత్సరంలో బానిస రాష్ట్రాల పాత జెండాను అతను తన దుకాణాల మీద ఎగరేసి, అది దేశవ్యాప్త రచ్చ అయినప్పుడే పెద్ద దుకాణాలు ఆ సీసాలను అరల నుంచి తీసేశాయి. చట్టం నాలుగేళ్లలో చెప్పిన మాటను మార్కెట్ వినడానికి మరో ముప్ఫై రెండేళ్లు పట్టింది. అది కూడా అమ్మకం దెబ్బతింటుందనే భయం పుట్టాకే.

కుర్చీ సమస్య, చేతి సమస్య

జాతి, కులం ఒకటేనని చెప్పడం నా ఉద్దేశం కాదు. తిండి దగ్గర ఈ రెండింటికీ ఉన్న తేడాయే మనకు అసలు పాఠం. ఓలీస్ బార్బెక్యూలో నల్లజాతి మనిషి వండితే తెల్లవాడికి అభ్యంతరం లేదు. పక్కన కూర్చుని తింటేనే అభ్యంతరం. అక్కడి తగవు కుర్చీ గురించి. మన దగ్గర తగవు కుర్చీ దగ్గర ఆగదు, చెయ్యి దగ్గరే మొదలవుతుంది. టీ బడ్డీలో రెండో గ్లాసు పెట్టిన ఊరు, దళితుడు టీ కాచి ఇస్తే ఒక్క గ్లాసూ ముట్టదు. బడిలో మధ్యాహ్న భోజనం వండేది దళిత మహిళ అని తెలిసి పిల్లలను తిననివ్వని తల్లిదండ్రుల వార్తలు ఈ దేశంలో అనేక రాష్ట్రాల నుంచి వచ్చాయి. దొరసాని పిల్లలకు నల్లజాతి ఆయా అన్నం తినిపించిన సమాజం వేరు, నీళ్ల కుండ ముట్టుకుంటే కుండ పగలగొట్టే సమాజం వేరు.

ఇక్కడే పార్శిల్ మనకు ఒక ప్రలోభంగా ఎదురవుతుంది. డబ్బాలో వచ్చే తిండికి చెయ్యి కనిపించదు. వండినవారి ఊరు, వాడ, ఇంటిపేరు డబ్బా అడుగున దాగిపోతాయి. అలా దాక్కుని అమ్ముకోవడం కులాన్ని ఓడించడమా, కులం పెట్టిన షరతుకు తలవంచడమా?

ఈ ప్రశ్న నాకు మా ఇంట్లోనే తగిలింది. పల్నాడులో మా అక్క కోడి, పొట్టేలు, రొయ్యల పచ్చళ్లు పెట్టి హైదరాబాదుకూ బెంగళూరుకూ పంపుతుంది. వీటితో పాటు మా వాడలో తరతరాలుగా చేసుకునే తునకలు కూడా చేస్తుంది. గేదె మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, తాడు మీద ఎండలో ఆరేసి, తర్వాత పొయ్యి మీది పొగకు కడతారు. తినేటప్పుడు నిప్పుల మీద కాల్చి, రోట్లో దంచి, కారం కలుపుకుంటారు. పది కిలోల పచ్చి మాంసం ఎండితే మూడు కిలోలకు అటూ ఇటూగా మిగులుతుంది. తడి పోయింది కాబట్టి కుళ్లదు. అమెరికా వ్యాపారి గాలి తీసే యంత్రంతో, డ్రై ఐస్‌తో పరిష్కరించుకున్న సమస్యను మా అమ్మమ్మలు ఎండతో, ఉప్పుతో, పొగతో పరిష్కరించారు. ఎప్పుడో ఒకసారి చేతికందిన మాంసాన్ని నెలల తరబడి దాచుకోవలసిన లేమి నుంచి పుట్టిన శాస్త్రం అది. తపాలాలో పంపడానికి ఇంతకన్నా అనువైన మాంసం మరొకటి ఉండదు.

అయినా పచ్చళ్లు బయటికి పోతాయి, తునకలు పోవు. ఒక కొరియర్ కౌంటర్‌లో విషయం తెలిసిన గుమస్తా పొట్లాన్ని వేలితో వెనక్కి తోసి, ఇది మా బండి ఎక్కదన్నాడు. దుర్వాసన లేదు, కారడం లేదు, బరువూ లేదు. ఆయన తిరస్కరించిన గుణం సరుకుది కాదు. పచ్చళ్ల సంగతీ అంత సాఫీగా లేదు. రెండోసారి తెప్పించుకోబోయే ముందు ఫోన్ చేసి, రుచి బాగుందని మెచ్చుకుని, “ఇంతకీ మీరేవుట్లండీ?” అని అడిగినవాళ్లున్నారు. జవాబు విన్నాక మళ్లీ ఫోన్ చేయనివాళ్లూ ఉన్నారు. “రుచికి లేని కులం నాకెందుకు వచ్చింది తమ్ముడూ” అని అక్క అడిగితే న్యాయశాస్త్రం చెప్పే నా దగ్గర సెక్షన్లు ఉన్నాయి కానీ ఆ కొనుగోలుదారును తిరిగి తెచ్చే సెక్షన్ లేదు.

ఒకసారి తెలుగు ఊళ్ల పచ్చళ్ల దుకాణాల బోర్డులు, సీసాల మీది పేర్లు చదవండి. బ్రాహ్మణ వంట, రాజుల పులావ్, రెడ్ల భోజనం, చౌదరిగారి రుచులు. ఈ కులాల పేరు నాణ్యతకు ముద్రగా పనిచేస్తుంది. కొనేవాడికి అది భరోసా. పై కులాలకు మార్కెట్ కులాన్ని పెట్టుబడిగా మార్చి ఇచ్చింది. మాల రుచులు, మాదిగ వంట అని రాసిన సీసా ఎన్ని ఊళ్లలో కనిపిస్తుంది? మార్కెట్‌కు కులం లేదనేవారు ముందు ఈ సీసాల దగ్గర నిలబడి మాట్లాడాలి.

దాచుకుందామన్నా దాగదు. ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పొట్లం మీద తయారీదారు పేరు, పూర్తి చిరునామా ఉండాలి. నిబంధన న్యాయమైనదే, తిన్నవారికి ఏదైనా జరిగితే బాధ్యులెవరో తెలియాలి. అయితే మన ఊళ్లలో చిరునామా కులానికి మరో పేరు. ఎస్సీ కాలనీ అని, అంబేద్కర్ నగర్ అని అచ్చువేసిన చీటీ, ఇంటిపేరు చెప్పని సంగతిని కూడా చెబుతుంది. ఓలీస్ కిటికీ దగ్గర నల్లజాతి కొనుగోలుదారును ఆపిన గీత, మన దగ్గర సీసా మీది చీటీలో ఉంది.

పేరు పెట్టుకుని నిలబడడం

దీనికి విరుగుడుగా పేరును దాచకుండా ముందే ప్రకటించిన ప్రయత్నం ఒకటి జరిగింది. ఆలోచనాపరుడు చంద్రభాన్ ప్రసాద్ 2016లో ‘దలిత్ ఫుడ్స్’ అనే పేరుతో మామిడి పచ్చడి, పసుపు, ధనియాలు, మిరపపొడి వంటివి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు. దళితుడి చెయ్యి తగిలిన తిండిని ఈ దేశం డబ్బిచ్చి కొంటుందా అని నేరుగా అడిగిన ప్రయోగం అది. 2005లో మిలింద్ కాంబ్లే పుణెలో స్థాపించిన దళిత వాణిజ్య మండలి డిక్కీ కూడా ఉద్యోగం అడగడం కన్నా ఉద్యోగం ఇవ్వడం మేలనే దారిలో నడిచింది. పెట్టుబడిదారీ విధానమే కులాన్ని కూలుస్తుందన్న ప్రసాద్ నమ్మకంతో నేను ఏకీభవించను. కానీ పేరును ముందు పెట్టిన ఆ తెగువను గౌరవిస్తాను. మరాఠ్వాడా దళితుల వంటల గురించి షాహూ పాటోళే 2015లో మరాఠీలో పుస్తకం రాసిందీ, 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో విద్యార్థులు దాడులను ఎదుర్కొంటూ పెద్దకూర పండుగ చేసిందీ ఇదే కోవలోని పనులు. పండుగ రోజున బహిరంగంగా తినే హక్కు సాధించిన సమాజం, మామూలు రోజున బహిరంగంగా అమ్ముకునే హక్కు గురించి కూడా అంత గట్టిగా మాట్లాడాలి.

మన రాజ్యాంగం ఈ విషయంలో అమెరికా కన్నా సూటిగా ఉంది. దుకాణాలు, భోజనశాలల్లోకి ప్రవేశం విషయంలో కుల వివక్షను 15(2) అధికరణం నేరుగా నిషేధించింది. మాంసం లెక్కలు చూడవలసిన అవసరం లేదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో దుకాణం అనే మాటకు అర్థం ఏమిటనే ప్రశ్న వచ్చినప్పుడు, అడిగిన ఎవరికైనా సేవ అందించడానికి సిద్ధపడిన ప్రతి చోటూ దుకాణమేనని అంబేద్కర్ విశాలమైన అర్థం చెప్పారు. ఆ అర్థంలో కొరియర్ కౌంటరూ దుకాణమే, సెల్‌ఫోన్‌లో సరుకు చూపించే వేదికా దుకాణమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, ఇతరులకు హక్కున్న వృత్తి, వ్యాపారం చేయకుండా దళితులను అడ్డుకోవడాన్నీ, ఆర్థిక బహిష్కారాన్నీ నేరాల జాబితాలో చేర్చింది.

చట్టంలో ఒక పెద్ద ఖాళీ మిగిలే ఉంది. 15(2) కొనడానికి వచ్చిన దళితుడిని కాపాడుతుంది. అమ్మడానికి కూర్చున్న దళితుడి దగ్గర కొనమని ఎవరినీ బలవంతపెట్టదు, పెట్టలేదు కూడా. ఓలీస్ కేసు కూడా తినడానికి వచ్చినవారి గురించే తప్ప, లోపల పొయ్యి దగ్గర నిలబడిన ఇరవై నాలుగు మంది నల్లజాతి పనివాళ్లకు ఆ వ్యాపారంలో వాటా ఉందా అని అడగలేదు. కుర్చీని సాధించే చట్టం ఒకటి, గల్లాపెట్టెను సాధించే విధానం మరొకటి. రెండోది రాజకీయంగానే సాధించుకోవాలి.

అందుకు దారులు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీ చిన్న పరిశ్రమల నుంచి చేయాలని 2012 నుంచి విధానం ఉంది. వ్యక్తిగత కొనుగోలుదారు కులం అడిగి ముఖం తిప్పుకోవచ్చు, ప్రభుత్వం తిప్పుకోకూడదు. అదే సూత్రంతో మన రెండు రాష్ట్రాల గురుకులాలు, వసతిగృహాలు, ఆసుపత్రులు పచ్చళ్లు, పొడులు, ఎండు సరుకులు దళిత మహిళల సంఘాల నుంచి కొనవచ్చు. ఆ టెండర్ షరతులు పెద్ద కాంట్రాక్టరుకే సరిపోయేలా రాసినంత కాలం విధానం కాగితం మీదే ఉంటుంది. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖ నుంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు అప్పు ఇవ్వాలంది. ఇంటి పొయ్యి నుంచి షెడ్డుకు మారాలనుకునే మహిళకు కావలసింది తరచూ ఆ కనీస మొత్తం కన్నా తక్కువ. ఉప ప్రణాళిక నిధుల నుంచి మండలానికొక ఉమ్మడి వంటశాల, ఆరబెట్టే గది, సంచులు మూసే యంత్రం, పరీక్షా సౌకర్యం కల్పిస్తే ఒక్కొక్కరూ విడివిడిగా భరించలేని ఖర్చును పదిమంది కలిసి మోయగలుగుతారు.

తునకల విషయంలో ప్రభుత్వం మరో మాట స్పష్టం చేయాలి. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 1977 నాటి చట్టం ఆవు వధను నిషేధించింది; ధ్రువపత్రం ఉంటే పనికిరాని గేదెలను కోయడానికి అనుమతించింది. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోని అగ్రగాముల్లో ఒకటి. గడ్డకట్టించిన టన్నుల కొద్దీ మాంసం కంటైనర్లలో సముద్రాలు దాటితే అది విదేశీ మారకం. మాదిగ వాడలో చట్టబద్ధంగా ఆరబెట్టిన అరకిలో తునకలు పక్క జిల్లాకు పోవాలంటే మాత్రం అది నోరెత్తకూడని సరుకు. కంటైనర్‌కు ఉన్న గౌరవం పొట్లానికి ఎందుకు లేదు? చట్టం అనుమతించిన మాంసాన్ని, నిబంధనల ప్రకారం ప్యాక్ చేసి పంపితే నిరాకరించకూడదని రవాణా సంస్థలకు రాతపూర్వకమైన ఆదేశం ఉండాలి. తపాలా శాఖ, ఆర్టీసీ పార్శిల్ సర్వీసు వంటి ప్రభుత్వ సంస్థలు దీన్ని ముందు తామే పాటించాలి.

విశ్వవిద్యాలయాల్లో చదువుతున్న విద్యార్థులను కోరేది ఒకటుంది. మీ హాస్టల్ మెస్ సరుకులు ఎవరి దగ్గర కొంటుందో సమాచార హక్కు కింద అడగండి. ఆ జాబితాలో దళిత తయారీదారులు ఎందరున్నారో లెక్క తీయండి. 1964లో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఒక భోజనశాల కొనుగోళ్ల లెక్క చూసి ఒక గుమ్మం తెరిపించారు. మన గుమ్మాలు తెరుచుకోవాలన్నా లెక్కతోనే మొదలుపెట్టాలి.

మా అక్క ఈ మధ్య కొత్త చీటీలు అచ్చువేయించింది. తన పేరు, వాడ పేరు, ఊరి పేరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. అమ్మకం తగ్గుతుందో పెరుగుతుందో ఇంకా తేలలేదు. ఆ తేలవలసిన భారం ఆమె ఒక్కదాని మీద ఉండకూడదన్నదే ఈ వ్యాసం వాదన.